పీపీసీ స్లాబు ఏడో రోజుకీ గట్టిపడలేదేం?

ప్రశ్న: మా ఇంటి స్లాబు పీపీసీ సిమెంటుతో వేశారు. ఏడో రోజు మేకుతో గీస్తే పైన పొడి రాలుతోంది. మేస్త్రీ ఇవాళే సెంట్రింగ్ విప్పేద్దామంటున్నారు. సిమెంటు నాసిరకమా?

జవాబు: ముందు సెంట్రింగ్ విప్పడం ఆపించండి. పీపీసీ అంటే బూడిద కలిపిన (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా) సిమెంటు; అందులో 15 నుంచి 35 శాతం థర్మల్ కేంద్రాల బూడిద ఉంటుంది. అది నీళ్లు తగిలినంత మాత్రాన గట్టిపడదు. మిగతా సిమెంటు నీళ్లతో కలిసి సున్నాన్ని వదిలితే, బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని సందులు పూడ్చే బంకగా మారుతుంది. దీనికి వారాలు పడుతుంది. తడి ఆరిందా, పని అక్కడితో ఆగినట్టే.

అందుకే ప్రమాణాల ప్రకారం 53 గ్రేడు ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు) 7 రోజులకు కనీసం 37 మెగాపాస్కల్స్ బలం ఇవ్వాలి, పీపీసీకి 22 చాలు. ఊతాల మధ్య దూరం (స్పాన్) 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద ఊతకర్రలు 7 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఓపీసీకి రాసింది. మీరు 14 రోజులు ఉంచండి. బాల్కనీ ఉంటే ఇంజినీరును అడగకుండా ఒక్క ఊతకర్రా తీయొద్దు.

పైన రాలే పొడికి మామూలుగా రెండు కారణాలు: మాలులో నీళ్లు ఎక్కువవడం, పైపొర త్వరగా ఎండిపోవడం. 50 కిలోల బస్తాకు, ఇసుకలో తడితో కలిపి, 25 లీటర్లు మించకూడదు. పొద్దునా సాయంత్రం పైపుతో చల్లితే మధ్యాహ్నం ఎండకు ఆరిపోతుంది. ఈరోజే మట్టిగట్లు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపండి. 14వ రోజు దాకా మడి ఎండనివ్వకండి.