ఓడినవాడే టేబుల్ డబ్బు కట్టాలి

సందేహం: అన్నా, మాది గుంటూరు, బ్రాడీపేట. ఎం.ఎస్. అయ్యాక మిస్సోరీలో ఉద్యోగంలో చేరి ఏడు నెలలైంది. మా ఆఫీసు వాళ్లు మంగళవారం రాత్రి పూల్ (స్నూకర్ లాంటి ఆట) లీగ్‌లో చేరమంటున్నారు. ఇంటి దగ్గరున్నప్పుడు స్నూకర్ పార్లర్‌లో బాగానే ఆడేవాణ్ణి. అయితే ఆ లీగ్ జరిగే హాల్లో ఒక పెద్దాయన "ఈ లీగులే ఆటని పాడుచేశాయి, చేరావంటే నీ చెయ్యీ పాడవుతుంది" అన్నాడు. ఇప్పుడు చెల్లి పెళ్లికి వచ్చి గుంటూరులోనే ఉన్నాను, ఆదివారం తిరిగి బయల్దేరుతున్నాను. విషయం తెలిసి అమ్మేమో బార్‌లో ఆటలేంటని గొడవ. చేరమంటారా?

జవాబు:

తమ్ముడూ, నేనూ ఇప్పుడు విజయవాడలోనే ఉన్నాను, సత్యనారాయణపురంలో మా అమ్మ దగ్గర. అమెరికా వెళ్లి ఇరవై రెండేళ్లైంది. అందులో పద్నాలుగేళ్లు ఏదో ఒక లీగ్‌లో ఆడుతూనే ఉన్నాను, కాబట్టి నా మాట కొంచెం ఆ వైపే మొగ్గుతుంది. చేరు. కానీ ఆ పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అదేదో తెలుసుకుని చేరు.

ముందు మన ఊరి సంగతి. 1990ల చివర్లో నేను డిగ్రీ చదివేటప్పుడు ఏలూరు రోడ్డు వెనక సందులో, మేడ మీద ఒక స్నూకర్ పార్లర్ ఉండేది. రెండు స్నూకర్ టేబుళ్లు, మూలన ఒక పూల్ టేబుల్, స్కోరు చూసే మార్కర్ ఒకాయన. మే నెలలో బెజవాడ ఎండకి సగం మంది ఏసీ కోసమే వచ్చేవాళ్లు. రూలు ఒకటే, నువ్వూ ఎరిగినదే: ఓడినవాడే టేబుల్ డబ్బు కట్టాలి. అంటే బాగా ఆడేవాడికి ఆట ఉచితం, నేర్చుకునేవాడికి ఖరీదు. పిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించినదంతా ఏడాది పాటు ఆ టేబుల్ మీదే పోశాను. నాతోపాటు మొదలుపెట్టిన ఆరుగురిలో నలుగురు రెండు నెలలకే మానేశారు. మిగిలినవాళ్లం గట్టిపడ్డామనుకో. ఏ షాట్ కొట్టినా జేబు గుర్తొస్తుంటే చెయ్యి దానంతటదే జాగ్రత్త నేర్చుకుంటుంది. కానీ కొత్తవాళ్లు రావడం తగ్గిపోయింది. ఉన్న పదిమందిమే మాలో మేము ఆడుకునేవాళ్లం. ఆ పదిమందీ ఉద్యోగాలొచ్చి హైదరాబాదూ, బెంగళూరూ వెళ్లిపోయాక పార్లర్ మూసేశారు. మొన్న వెళ్లి చూశాను. పైన స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ నడుస్తోంది. మెట్లు మాత్రం అవే, మూడో మెట్టు అప్పటిలాగే విరిగి ఉంది.

అమెరికాలో లీగ్ సరిగ్గా ఈ జబ్బుకి మందు. అన్నిటికంటే పెద్దది అమెరికన్ పూల్ ప్లేయర్స్ అసోసియేషన్, అందరూ ఏపీఏ అంటారు. దాని ఆఫీసు మీ మిస్సోరీలోనే, లేక్ సెయింట్ లూయిస్‌లో ఉంది. 1979లో టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇద్దరూ ప్రొఫెషనల్ ఆటగాళ్లే. ఆటలో ఆరితేరినవాళ్లే మామూలు మనుషుల కోసం లీగ్ పెట్టారన్నమాట. ఇప్పుడు సభ్యులు రెండున్నర లక్షల దాకా ఉన్నారు. ఊరికో ఫ్రాంచైజీ, వారానికో రాత్రి, జట్టుకి ఎనిమిది మంది వరకు. ఆ రాత్రి అందులోంచి ఐదుగురు ఆడతారు.

కిటుకంతా హ్యాండీక్యాప్‌లో, అంటే బలాబలాలు సమం చేసే లెక్కలో ఉంది. ఎయిట్ బాల్‌లో, అంటే తన బంతులన్నీ వేశాక ఎనిమిదో బంతి వేసినవాడు గెలిచే ఆటలో, ప్రతివాడికీ రెండు నుంచి ఏడు దాకా ఒక స్కిల్ లెవెల్ ఇస్తారు. కొత్తవాడికి మూడో నాలుగో వస్తుంది. ఏడు, ఏడుతో ఆడితే ఇద్దరికీ ఐదేసి ఆటలు గెలవాలి. అదే ఏడుకీ రెండుకీ పడితే ఏడో లెవెల్‌వాడు ఏడాటలు గెలవాలి, రెండో లెవెల్‌వాడు రెండాటలు గెలిస్తే చాలు.

ఇది కాగితం మీద చదివితే నీకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది, మా ఆవిడ ఆడేదాకా. బెజవాడలో ఆ పార్లర్ మెట్లు ఎక్కడం తన ఊహలో కూడా లేని మనిషి. జట్టులో ఒకరు తక్కువైతే నేనే బతిమాలి చేర్పించాను. రెండో లెవెల్. నాలుగో వారం ఏడో లెవెల్ వాడితో పడింది. వాడు ఐదు ఆటలు చకచకా గెలిచాడు. ఒక ఆటలో వాడు ఎనిమిదో బంతితోపాటు తెల్ల బంతిని కూడా పాకెట్లో వేసుకున్నాడు, అలా పడితే ఆట ఓడినట్టే, కాబట్టి అది ఈవిడ ఖాతాలో పడింది. ఇంకో ఆట మాత్రం ఈవిడ నిజంగానే గెలిచింది, నలభై నిమిషాలు పట్టింది. రెండాటలు, మ్యాచ్ అయిపోయింది. వాడు మర్యాదగా చెయ్యి కలిపాడు. తర్వాత పార్కింగ్ దగ్గర నాతో అన్నాడు: "ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్నది దేనికి, ఇలా ఓడిపోవడానికా?" నాకు జవాబు తోచలేదు. మా ఆవిడ మాత్రం ఇవాళ్టికీ ఆడుతోంది. ఓడినవాడే డబ్బు కట్టాలనే చోటైతే రెండో వారమే మానేసేది. ఆట ఎవరిది అని అడిగితే ఆ ఇద్దరిలో ఎవరి పేరు చెప్తావ్?

ఇక పెద్దాయన సగానికి వస్తాను. లెవెల్ ఎలా లెక్కేస్తారంటే, గెలవడానికి నీకు ఎన్ని ఇన్నింగ్స్ (ఇద్దరికీ ఒక్కోసారి వంతు వచ్చి వెళ్తే ఒక ఇన్నింగ్స్) పట్టాయో చూస్తారు, అందులోంచి కావాలని డిఫెన్స్‌కి ఆడిన షాట్లు తీసేస్తారు. తక్కువ ఇన్నింగ్స్‌లో గెలిస్తే లెవెల్ పెరుగుతుంది. పెరిగితే సంతోషమే కదా అనుకుంటావు. కానీ ఇంకో రూలుంది: ఆ రాత్రి ఆడే ఐదుగురి లెవెళ్లు కలిపితే ఇరవై మూడు దాటకూడదు. మా జట్టు లెక్క చూడు. ఏడు, ఐదు, ఐదు, నాలుగు, రెండు. సరిగ్గా ఇరవై మూడు. ఐదుల్లో ఒకణ్ణి నేను. నేను ఆరైతే ఇరవై నాలుగు, ఒకరు కూర్చోవాలి. బాగా ఆడినందుకు జట్టు విడిపోయే పరిస్థితి.

ఆ సీజన్ చివర్లో మా కెప్టెన్ నా పక్కన కూర్చుని, "ఇవాళ తొందరేం లేదు, నిదానంగా గెలు" అన్నాడు. అర్థమైంది. ఎనిమిదో బంతి పాకెట్ నోట్లో ఉంది, కళ్లు మూసుకుని కొట్టినా పడుతుంది. నేను తప్పించి కొట్టాను. దాన్ని అక్కడ శాండ్‌బ్యాగింగ్ అంటారు. మ్యాచ్ గెలిచాం. ఇంటికెళ్లేటప్పుడు కారులో మా ఆవిడ "ఆ బంతి ఎలా మిస్సయ్యావ్?" అని అడిగింది. టేబుల్ వంకరగా ఉందని చెప్పాను. ఇన్నేళ్లైనా ఆ షాట్ గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఎవరినో మోసం చేశానని మాత్రమే కాదు. తర్వాత రెండు నెలలు నిజంగా కొట్టాల్సిన అలాంటి బంతులు కూడా నాకు తప్పిపోయాయి.

చెయ్యి పాడవడమంటే నాకు తెలిసి ఇదే. పెద్దాయన ఉద్దేశం బహుశా వేరే అయ్యుంటుంది, లీగులంటే పడనివాళ్లంతా చెప్పేవి రెండున్నాయి. ఒకటి, ఏపీఏ ఎయిట్ బాల్‌లో చెప్పకుండా గుడ్డిగా పడిన బంతి కూడా చెల్లుతుంది, ఎనిమిదో బంతికి తప్ప. రెండు, చాలా లీగులు బార్లలో ఏడడుగుల చిన్న టేబుల్ మీద జరుగుతాయి, పెద్ద పోటీలు తొమ్మిదడుగుల టేబుల్ మీద. పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ మీద ఆడొచ్చిన నీకు ఆ ఏడడుగులది క్యారమ్ బోర్డులా కనిపిస్తుంది. పొరపాటు పడకు. చోటు తక్కువ, బంతులు స్నూకర్ వాటికంటే పెద్దవి, అడ్డం పడుతూనే ఉంటాయి. మొదటి నెల ఓడిపోతావు.

ఈ రెండూ నాకు పెద్ద నేరాల్లా కనిపించవు. అసలు నష్టం టైములో ఉంది. ఏడు గంటలకి మొదలై పదకొండుకి ముగిసే రాత్రిలో నువ్వు క్యూ (ఆడే కర్ర) పట్టుకునేది గట్టిగా ముప్పావుగంట. మిగతాదంతా కూర్చోవడం, చప్పట్లు, చికెన్ వింగ్స్. దాన్నే ప్రాక్టీసు అనుకుని పదేళ్లు ఐదో లెవెల్‌లో కూర్చున్నవాళ్లు ప్రతి హాల్లోనూ ఉంటారు. గొప్ప ఆటగాళ్లు అలా తయారు కారు. 1999లో ప్రపంచ నైన్ బాల్ ఛాంపియన్ అయిన ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ బంధువుల పూల్ హాల్లో పనిచేస్తూ, పందేలాడుతూ పెరిగాడు. మన ఏలూరు రోడ్డు పార్లర్ పద్ధతే, కాకపోతే అక్కడ ఆడేవాళ్లు వేలమంది.

మీ గుంటూరు వైపు పరిషత్తు నాటకాలున్నాయి కదా, నాకు ఈ వాదన విన్నప్పుడల్లా అవే గుర్తొస్తాయి. మా మేనమామ పగలు బ్యాంకులో గుమాస్తా, రాత్రి రిహార్సల్. తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట, ఎక్కడ పోటీ ఉంటే అక్కడికి బస్సెక్కేవాడు. బహుమతుల కోసం రాసే నాటికల వల్ల నాటకం చచ్చిపోయిందని ఆయనే తిట్టేవాడు, మళ్లీ పై నెల పోటీకి ఆయనే మేకప్ వేసుకునేవాడు. పరిషత్తు లేకపోతే ఆ బస్సెక్కేవాళ్లే ఉండరు. లీగ్ లేకపోతే మంగళవారం రాత్రి ఆ హాల్లో లైట్లు వేయరు, అప్పుడు పెద్దాయనకి శుక్రవారం పందెమాడుకోవడానికి కూడా టేబుల్ మిగలదు. ఈ సంగతి ఆయనతో చెప్పకు, కోపం వస్తుంది.

నీ ఆట పెరగాలంటే లీగ్‌కి పక్కన ఇంకో రెండు పెట్టుకో. వారంలో ఒక రోజు ఒంటరిగా గంటసేపు తొమ్మిదడుగుల టేబుల్ మీద. నెలకొకసారి హ్యాండీక్యాప్ లేని చిన్న టోర్నమెంటు, ఓడిపోవడానికే వెళ్లు. ఫార్గోరేట్‌కి ఫలితాలు పంపే టోర్నమెంటైతే మరీ మంచిది. నార్త్ డకోటాలోని ఫార్గో ఊరి పేరు మీద వచ్చిన రేటింగ్ అది. చెస్ రేటింగ్ లాంటిదే, కాబట్టి హారిక పుట్టిన ఊరివాడికి, హంపి ఆటలు చూస్తూ పెరిగినవాడికి వివరించక్కర్లేదు. వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడు రెండు గెలిచేలోపు కిందివాడు ఒకటి గెలుస్తాడని లెక్క. రెండొందల ఆటలు పడితే గానీ ఆ అంకె నిలకడైనదని అనరు. అందులో ఇన్నింగ్స్ లెక్క లేదు, గెలిచావా ఓడావా, ఎవరి మీద, అంతే. నిదానంగా గెలిచి దాన్ని మోసం చేయలేవు. ఓడిపోయి చేయొచ్చు. రేటింగ్ హద్దు పెట్టి చెస్ పోటీలు పెడితే మనవాళ్లు చేసేదీ అదే. బుద్ధి అలాంటిదైతే ఏ తూకం ఏం చేస్తుంది.

కెప్టెన్ ఎప్పుడైనా నీతో నిదానంగా ఆడమంటే, ఆ సీజన్ అయ్యాక జట్టు మారిపో. గొడవ పడకు, ఆఫీసువాళ్లు. నీ లెవెల్ పెరిగి జట్టు విడిపోతే విడిపోనీ, విడిపోయినవాళ్లు ఇంకో జట్టు పెట్టుకుంటారు. అలాగే లీగులు పెరిగాయి.

మనవాళ్లకి పనికొచ్చే ఒకటి రెండు జాగ్రత్తలు. పేకాట వెనక కూర్చుని సలహాలిచ్చే అలవాటు అక్కడ పనికిరాదు. మూడు, అంతకంటే తక్కువ లెవెల్‌కి ఆటకి రెండు టైమ్-అవుట్లు, నాలుగు నుంచి పైవాళ్లకి ఒకటి, సలహా అప్పుడే. కుర్చీలోంచి "అదొద్దు, ఇది కొట్టు" అన్నావంటే ఫౌల్, అవతలివాడికి తెల్ల బంతి చేతికొస్తుంది, టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. తెలుగులో చెప్పినా ఫౌలే, మా ఆవిడ విషయంలో నేను అనుభవించాను. ఎనిమిదో బంతి ఏ పాకెట్లో వేస్తావో ముందే ఆ పాకెట్ దగ్గర ఒక గుర్తు ఉంచు. మరిచిపోతే బంతి పడినా ఆట పోవచ్చు. ఇంకా, మాటల్లో స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లో పుట్టిందని చెప్పు. నమ్మరు, ఫోన్ తీసి చూసుకుంటారు, ఆ రాత్రికి నీకో స్నేహితుడు దొరికినట్టే.

అమ్మ భయం తీసిపారేయకు, ఆవిడ అడిగిన ప్రశ్న అన్నిటికంటే గట్టిది. పూల్ లీగ్ జూదం కాదని చెప్పు. చాలా చోట్ల వారానికి కట్టే ఫీజు గెలిచినా ఓడినా అందరికీ ఒకటే. కానీ బార్ అయితే బారే. ఒక్క బీరే కదా అని కారెక్కావంటే, పోలీసులు ఆపితే, అది కోర్టుతో పోదు. తాగి నడిపిన కేసులో అరెస్టైతే చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేస్తున్నారు. అప్పుడు చెల్లి సీమంతానికి వచ్చినవాడివి తిరిగి వెళ్లడానికి మళ్లీ కాన్సులేట్ మెట్లెక్కాలి. లీగ్ రాత్రి నేను నిమ్మకాయ ముక్క వేసిన సోడా తాగుతాను, పద్నాలుగేళ్లలో ఎవ్వరూ అడగలేదు. హాల్లో ఎవరైనా శనివారాలు కౌంటర్ దగ్గర కూర్చో, చేతికి డబ్బిస్తానంటే వద్దను. నీ వీసా ఆ పనికి ఇచ్చింది కాదు.

క్యూ అప్పుడే కొనకు. హాలు గోడకి ఆనించి ఉండేవాటిలో వంకర లేనిదాన్ని ఏరుకో, రెండు నెలలు దానితోనే ఆడు. స్నూకర్ క్యూ మాత్రం ఇక్కణ్ణుంచి మోసుకెళ్లకు. దాని కొన సన్నం, ఆ పెద్ద బంతులకి సరిపోదు. సూట్‌కేసులో ఆ చోటు అమ్మ పచ్చళ్లకి వదిలెయ్.

ఆదివారం బయల్దేరుతున్నానన్నావు. అయితే మంగళవారం నిద్ర కళ్లతో ఆడొద్దు. ఆ వారం స్కోరు షీటు నేను రాస్తానని కెప్టెన్‌ని అడుగు, ఎవరికీ ఇష్టం లేని పని కాబట్టి వెంటనే ఇచ్చేస్తాడు. ఎవరు ఎన్ని ఇన్నింగ్స్‌లో గెలిచారో, ఎవరు ఏ బంతి ఎందుకు తప్పించారో ఆ షీటు రాసేవాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.