లోనార్ బురద తీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

లోనార్ సరస్సు అడుగున గొట్టం దింపి బురద పొరలను చెదరకుండా కోర్‌గా, అంటే నిలువు కడ్డీలా, తీసే బృందంలో నీకు చోటు దొరికిందని మీ నాన్న చెప్పాడు. ఆ సంతోషంలో రాత్రి నిద్రే పట్టలేదు.

మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో నల్లరాతి నేల మీద ఉల్క పడి ఏర్పడిన ఆ గొయ్యి దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. నీళ్ళు లోపలికి రావడమే గాని బయటికి పారే దారి లేదు, ఎండకు ఆవిరి కావాల్సిందే. వానలు తగ్గితే ఉప్పూ సోడా చిక్కబడతాయి. ఆ జాడ అడుగు బురదలో పేరుకుంటుంది.

పడవ ఎక్కేముందు ఒడ్డంతా తిరుగు. ఊటలు ఎక్కడున్నాయో, వాగు ఎక్కడ కలుస్తోందో, గట్టున ఏ చెట్లున్నాయో రాసుకో. 2020 జూన్‌లో ఆ నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే జనం కంగారుపడ్డారు. ఉప్పులో బతికే సూక్ష్మజీవుల పని అని తర్వాత తేలింది. ఇవాళ్టి నీళ్ళ తీరు తెలియకుండా వేల ఏళ్ళ కిందటి బురదను చదవలేవమ్మా.

గొట్టం చీల్చగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. గాలి తగిలితే బురద నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే ముందు ఫొటో, తర్వాతే కత్తి. మధ్యలో పటికబెల్లం పలుకుల్లాంటివి తగిలితే ఊపిరి బిగబట్టి చూడు, అవి గేలుసైట్ కావచ్చు. సోడా నీళ్ళు బాగా ఇంకి చిక్కబడినప్పుడు పుట్టే స్ఫటికాలవి. వయసులో ఉండగా నేనో ఉప్పు సరస్సు బురదముక్కను శుభ్రం చేద్దామని మంచినీళ్ళతో కడిగాను. పలుకులు చెదిరిపోయి, వాటి చోట సున్నంలాంటి పొడి మిగిలింది. ఒక కరువు సాక్ష్యాన్ని నా చేతులతోనే పోగొట్టుకున్నాను. నువ్వు కడగొద్దు, ఆరబెట్టొద్దు కూడా. గాలి చొరకుండా చుట్టి చల్లగా ఉంచు. ఇదివరకు లోనార్‌లో తీసిన 10 మీటర్ల కోర్‌లో రెండు దీర్ఘకాలపు ఎద్దడులను పట్టించిన ఆధారాల్లో ఈ పలుకులూ ఉన్నాయి. ఒకటి 4600 నుంచి 3900 ఏళ్ళ కిందటిది, రెండోది 2000 నుంచి 600 ఏళ్ళ కిందటిది.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్క అంకెను నమ్మి వాన కథ రాసేయకు. కర్బనంలో బరువైన, తేలికైన పరమాణువుల పాళ్ళను వెయ్యికి ఇంత అని చెప్పే ఐసోటోపు విలువ వరి బాపతు మొక్కల్లో మైనస్ 27 దగ్గర, జొన్న బాపతు గడ్డిలో మైనస్ 13 దగ్గర ఉంటుంది. విలువ ఎండకు ఓర్చే జొన్న వైపు జరిగితే నేల ఎండిందని చెప్పాలనిపిస్తుంది. కానీ సోడా నీళ్ళలో పెరిగే నాచు కూడా విలువను అటే లాగగలదు. అందుకే పక్కనే కర్బనానికీ నత్రజనికీ ఉన్న నిష్పత్తి చూడు. 10 లోపు ఉంటే నాచు, 20 దాటితే గట్టు మీది మొక్కలు అని స్థూలంగా లెక్క. ఈ పరీక్షలకు ముందు ఆ ముక్క వరకు ఆమ్లంతో కార్బొనేట్లు, అంటే సున్నంలాంటి ఖనిజాలు, తీసేయాలని మరచిపోకు.

కర్బనంలో మిగిలిన రేడియోధార్మిక భాగాన్ని బట్టి వయసు కట్టడానికి ఉత్త బురద పంపొద్దు. ఊటల నుంచి, రాళ్ళ నుంచి పాత కర్బనం కలిస్తే బురద అసలు వయసుకంటే ముసలిదిగా కనిపిస్తుంది. గట్టు నుంచి రాలిన ఆకో, పుల్లో, గింజో దొరికేదాకా ఓపిగ్గా జల్లించు.

గోతిలోకి దిగే దారి వానకు జారుతుంది, మంచి బూట్లు వేసుకో. కోర్ చీల్చిన రోజే నాకో ఫొటో పంపు.

పెదనాన్న