కీటోతో కీళ్లనొప్పి తగ్గింది, మందు ఆపొచ్చా?

మీరు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి (కీళ్లవాతానికి) మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతూ కీటో, అంటే పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి, మొదలుపెట్టారు. కీళ్లవాపు తగ్గింది, కానీ తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం. ఇక మందు ఆపొచ్చా అని అడిగారు.

దయచేసి ఆపకండి. నొప్పి తగ్గినా లోపల కీలు దెబ్బతింటూనే ఉండొచ్చు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఎంత ఉందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేయించుకుని, డోసు తగ్గించాలా వద్దా అన్నది మీ రుమటాలజిస్టునే తేల్చనివ్వండి.

మిగతా ఇబ్బందులకు చాలావరకు కారణం ఉప్పు తగ్గడమే కావొచ్చు. పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాముల లోపుకు దించితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు సోడియంని, నీటిని ఎక్కువగా బయటికి పంపేస్తాయి. అందుకే ఉత్త నీళ్లు తాగితే సరిపోదు, ఆహారంలో ఉప్పు కాస్త పెంచాలి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

పిండిపదార్థాలు తగ్గినప్పుడు శరీరం కొవ్వు నుంచి తయారుచేసుకునే కీటోన్లలో ఒకటైన బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్, వాపు పుట్టించే ఒక యంత్రాంగాన్ని అణచడం 2015లో ఎలుకల్లో చూశారు. మనుషుల కీళ్లవాతంలో అంత గట్టి రుజువు లేదు. పైగా బరువు తగ్గినా ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుంది, కాబట్టి మీకు మేలు చేసింది కీటోనే అని ఇప్పుడే అనుకోలేం.

అన్నట్టు, షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే కీటో వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పండి. రెండూ కలిస్తే కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లు పేరుకుని ఆమ్లం పెరగడం) రావొచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది.