రాధేశ్యామ్: అరచేతిలో మొదలై అలల్లో కొట్టుకుపోయిన కథ

గొప్పగా మొదలై ముగింపు దగ్గర చెడిపోయిన సినిమా ఏదని అడిగారు. నా వరకు రాధేశ్యామ్, 2022 మార్చిలో వచ్చింది.

దాన్ని భీమవరంలో మా పెదనాన్నతో కలిసి చూశాను. ఆయన ముప్పై ఏళ్లపాటు ఊళ్లోవాళ్ల చేతులు చూశారు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. పెద్దమ్మ ఆయుష్షు రేఖ మణికట్టు దాకా ఉందని, ఎనభై దాటుతుందని అందరితో చెప్పేవారు. ఆవిడ నలభై ఆరేళ్లకే క్యాన్సర్‌తో పోయింది. ఆ తర్వాత ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

సినిమా కథా అలాంటిదే. హీరో విక్రమాదిత్య (ప్రభాస్) చేతులు చూసేవాడు. హీరోయిన్ ప్రేరణ డాక్టర్, ఆమెకి ప్రాణం తీసే జబ్బు ఉంది. వైద్యం ఆమె ఎక్కువ రోజులు బతకదంటుంది, ఇతను ఆమె చెయ్యి చూసి బతుకుతుందంటాడు. ఆస్పత్రిలో చనిపోయినవాళ్ల అరచేతి ముద్రలు చూసి అతను వాళ్ల గురించి చెప్పే సీన్‌లో పెదనాన్న ముందు సీటు పట్టుకుని అలాగే ఉండిపోయారు. గురువు పరమహంసగా కృష్ణంరాజు గారు కనిపించగానే హాలంతా ఈలలు. ప్రభాస్‌కి ఆయన నిజంగానే పెదనాన్న. అదే ఆయన ఆఖరి సినిమా అయింది.

చివర్లో ఓడ, తుఫాను, మిద్దెలెత్తు అలలు. చాలామంది గ్రాఫిక్స్‌నీ, కథ నెమ్మదితనాన్నీ తిట్టారు. నా బాధ అది కాదు. పెద్ద హీరో సినిమా అంటే చివర్లో ఒక ఫైట్ ఉండాలని మనవాళ్లకి గట్టి నమ్మకం. ఇక్కడ కొట్టడానికి విలన్ లేడు, అందుకే సముద్రాన్ని తెచ్చి నిలబెట్టారు. విధి గొప్పదా ప్రేమ గొప్పదా అని రెండు గంటలు అడిగిన కథకి జవాబు ఆ ఇద్దరి మధ్యే, ఒక చిన్న గదిలో, ఆమె చెయ్యి అతని చేతిలో ఉండగా దొరకాలి. నీళ్లలో కాదు.

అలలు మొదలవగానే పెదనాన్న వెనక్కి వాలి, కాళ్లతో చెప్పులు వెతుక్కున్నారు. బస్టాండ్‌లో టీ తాగేటప్పుడు మాత్రం ఒక్క మాటన్నారు: "రేఖది తప్పా, చూసినవాడిది తప్పా... అది చెబుతారనుకున్నాన్రా."