డబ్బా లీష్ మేలా, మామూలు బెల్టు మేలా?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం సాయినగర్. మా లాబ్రడార్ బ్రూనోకి తొమ్మిది నెలలు, అప్పుడే 24 కిలోలు ఉన్నాడు. మా తమ్ముడు బెంగళూరు నుంచి ప్లాస్టిక్ డబ్బా లీష్ తెచ్చిచ్చినాడు, 5 మీటర్ల దాకా సాగుతాది, బటన్ నొక్కితే ఆగుతాది, కుక్క దగ్గరికొస్తే దానంతట అదే చుట్టుకుంటాది. మా ఆయనేమో మామూలు బెల్టే వాడమంటాడు, తమ్ముడేమో దానికి కొంచెం ఫ్రీగా ఉంటాది కదక్కా అంటాడు. రోజూ పొద్దున వీధిలో, ఆదివారం పీటీసీ గ్రౌండ్‌లో తిప్పుతాం. ఏది వాడాలి?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఆయన చెప్పిందే రైటు. తమ్ముడు ప్రేమగా తెచ్చినాడు, ఆ డబ్బా కూడా వస్తువుగా చెడ్డదేం కాదు, కానీ బ్రూనో వయసుకీ సాయినగర్ వీధులకీ అది పనికిరాదు.

ఎందుకంటే ఆ డబ్బా లోపల గడియారంలో ఉన్నట్టు చుట్టలు చుట్టిన రేకు స్ప్రింగ్ ఉంటాది, తాడు బయటికి వచ్చేకొద్దీ అది బిగుసుకుంటా పోతాది, కాబట్టి కుక్క ఎంత మెల్లగా నడిచినా మెడ దగ్గర ఎప్పుడూ కొంచెం లాగుతానే ఉంటాది. అది ముందుకి పోవాలంటే లాగాల్సిందే, లాగితే తాడొస్తాది, దారి దొరుకుతాది. లాగితే పని అవుతాదని రోజూ మనమే దానికి నేర్పిస్తున్నట్టు కదా! రేపు రెండేళ్లకి 32 కిలోలయినాక మామూలు బెల్టు వేసినా ఆ అలవాటు పోదు, మీ భుజం పోతాది.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఆ స్ప్రింగ్ వదులైన తాడుని మాత్రమే చుట్టుకుంటాది, ఎదురు తిరిగి నిలబడిన కుక్కని వెనక్కి లాక్కురాలేదు. మన వీధుల్లో ప్రతి సందుకీ దాని కుక్కలు దానికి ఉంటాయి, బ్రూనో పదహారు అడుగుల ముందు ఉన్నప్పుడు నాలుగు కుక్కలు చుట్టుముడితే మీ చేతిలో బటన్ ఉండి ఏం లాభం, నొక్కితే వాడు ఆ నాలుగింటి మధ్యలోనే ఆగిపోతాడు. ఆటోలు, బైకులు వచ్చినా అంతే.

నాకు జరిగింది చెప్తా. 2019లో మా కర్నూల్లో హంద్రీ పక్క రోడ్డు మీద నేనూ అట్లాంటి డబ్బాతోనే మా చిన్నీని తిప్పుతా ఉంటే ఎదురుగా మేకల మంద వచ్చింది, చిన్నీ ఒక్క ఉదుటున దూకింది, నాకు బటన్ గుర్తు రాలేదు, చెయ్యి దానంతట అదే పోయి తాడుని పట్టుకుంది. అది సన్నటి గుండ్రటి తాడు. చూపుడు వేలి కింద నుంచి చిటికెన వేలి దాకా గీత గీసినట్టు చర్మం లేచిపోయింది, ముందు తెల్లగా కనపడింది, ఆ తర్వాత రక్తం ఊరింది. నొప్పికి డబ్బా వదిలేసినా. అది గరగరమంటా రోడ్డు మీద చిన్నీ వెనకాలే పోయింది, ఆ చప్పుడుకి అది ఇంకా బెదిరి పరిగెత్తింది, అది ఎంత పరిగెత్తితే డబ్బా అంత తరుముతాది మరి. పెద్ద రోడ్డు ఎక్కకముందే ఒక మేకల కాపరి అడ్డం నిలబడి పట్టుకున్నాడు, ఆయన లేకపోతే ఏమయ్యేదో. పెద్ద కుక్కల వల్ల వేళ్లు తెగిన కేసులు కూడా ఉన్నాయి కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

ఇట్లాంటి లీష్‌కి న్యూయార్క్‌లో మేరీ డెలానీ అనే ఆమె 1908లోనే పేటెంట్ తీసుకుంది, 1970ల్లో జర్మనీ వాళ్లు దాన్ని ప్రపంచమంతా అమ్మినారు. అక్కడి పార్కుల్లో వదిలేసిన వీధి కుక్కలు ఉండవు, అదీ తేడా.

ఇప్పుడు మీరు చేయాల్సింది: అయిదారు అడుగుల నైలాన్ లేదా కాటన్ పట్టీ బెల్టు తీసుకోండి, అంగుళం వెడల్పు ఉంటే చేతికి కోసుకోదు. కొక్కెం గుండ్రంగా తిరిగేది చూసుకోండి, లేకపోతే మెలికలు పడతాది. పైన ఉచ్చులోకి బొటనవేలు దూర్చి గుప్పిట మూయండి, మణికట్టుకి మాత్రం చుట్టుకోవద్దు, కుక్క దూకితే మనమూ పడతాం. వాడు లాగిన వెంటనే నిలబడిపోండి, తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. బెల్టు వదులైన క్షణం నడవండి. మొదటి వారం సందు చివరికి పోవడానికే ఇరవై నిమిషాలు పడుతాది, ఆఫీసు టైమ్ అని ఒక్కరోజు లాగనిచ్చినారంటే మళ్లీ మొదటికే, ఇంట్లో అందరూ ఇదే పాటించాలి.

తమ్ముడు చెప్పిన ఫ్రీ మాట కూడా నిజమే, కుక్కకి వాసనలు చూసుకుంటా తిరగడం కావాలి. దానికి పీటీసీ గ్రౌండ్‌లో జనం పలచబడ్డాక 8 లేదా 10 మీటర్ల పొడుగు కాటన్ తాడు ఛాతీకి వేసే హార్నెస్‌కి కట్టి వదలండి, మెడ కాలర్‌కి వద్దు, పరుగు మీద తాడు చివరికొస్తే కుదుపంతా గొంతు మీద పడతాది. అందులో స్ప్రింగ్ లేదు కాబట్టి లాగుడు అలవాటు కాదు.

డబ్బాని దాచి పెట్టండి. బ్రూనో వదులు బెల్టు మీద నడవడం నేర్చి, పిలిస్తే వచ్చే రోజున ఖాళీ గ్రౌండ్‌లో వాడుకోవచ్చు. అది కూడా గుండ్రటి తాడు కాకుండా పట్టీ ఉన్నదైతేనే, డబ్బా మీద రాసిన బరువు వాడి బరువుకి సరిపోతేనే.

ప్రశ్న: మా పొమేరియన్‌కి ఇనుప గొలుసు వాడుతున్నాం, కొరకలేదని. పర్వాలేదా?
ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు సార్. అంత చిన్న మెడకి ఆ బరువు ఎక్కువ, పైగా మీ కడప ఎండకి ఇనుము కాలిపోతాది. చిన్న హార్నెస్, తేలికపాటి నైలాన్ బెల్టు చాలు, కొరుకుతా ఉంటే నడిచేటప్పుడు నోట్లో బొమ్మ పెట్టండి, పళ్లు మారే వయసైతే కొన్నాళ్లకి తగ్గిపోతాది. ఎండాకాలం పొద్దున ఆరు లోపే తిప్పి తీసుకురండి, తారు రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు పెట్టి అయిదు సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్లు కూడా ఉండలేవు.