రెండు రూపాయల వడ్డీకి డాలర్లు

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ ముగించి, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే అనుమతి) మీద ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలైంది. జీతం ఏడాదికి 85,000 డాలర్లు. ఇండియాలో విద్యా రుణం 38 లక్షలు, వడ్డీ 11 శాతం. ఇక్కడ రెండు క్రెడిట్ కార్డుల మీద 9,000 డాలర్ల బాకీ, వడ్డీ 24 శాతం. అద్దె, కారు బీమా పెరిగిపోయి నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. రూపాయి ఇంకా పడితే ఒకేసారి పంపి రుణం తగ్గించుకోవచ్చని ఆగుతున్నాను. ఊరి దగ్గర స్థలం బేరానికి వచ్చింది, అడ్వాన్సు పంపమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అద్దె ఉంది, బీమా ఉంది, రూపాయి ఉంది, నాన్నగారు ఉన్నారు, నెలకు మీరు ఎంత ఖర్చు పెడుతున్నారన్నది మాత్రం ఎక్కడా లేదు. ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు. 2006లో హెచ్1బీ వర్క్ వీసా మీద న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో దిగినప్పుడు నన్ను ఎవరైనా అడిగి ఉంటే నేనూ ఇలాగే చెప్పేవాణ్ణి: కన్సల్టెన్సీ వాడు సరిగా ఇవ్వడం లేదని, రూపాయి బలపడిపోయిందని, ఇంటి దగ్గర నుంచి ఒకటే ఒత్తిడి అని. అన్నీ నిజాలే. ఆ నిజాలు చెప్పుకుంటూనే మూడేళ్ళలో 11,400 డాలర్ల అప్పులో కూరుకుపోయాను.

మొదలైంది ఒక టీవీతో. 2007 థ్యాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి, తగ్గింపు ధర కోసం చలిలో మూడు గంటలు వరుసలో నిలబడి 1,400 డాలర్ల ప్లాస్మా టీవీ కొన్నాను. ఏడాదిపాటు వడ్డీ లేదన్నారు. నెలకు 110 డాలర్ల చొప్పున క్రమం తప్పకుండా కట్టాను, ఏడాది తిరిగేసరికి 80 డాలర్లు మిగిలింది. మరుసటి బిల్లులో దాదాపు 175 డాలర్ల వడ్డీ పడింది. గడువులోగా పైసాతో సహా తీరకపోతే, కొన్న రోజు నుంచి లెక్కగట్టి మొత్తం వడ్డీ వేస్తారన్న షరతు నేను సంతకం పెట్టిన కాగితం రెండో పేజీలోనే ఉంది. వారం రోజులపాటు గదిలో అందరి దగ్గరా ఆ దుకాణాన్ని తిట్టుకున్నాను గాని, ఆ రెండో పేజీ చదవలేదన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రెండో తప్పు మీ ఇప్పటి పరిస్థితికి మరీ దగ్గరగా ఉంటుంది. 2008 మొదట్లో డాలరుకు 39 రూపాయల దగ్గర ఉన్న మారకం ఆ ఏడాది చివరికి 50కి చేరువైంది. మా అపార్టుమెంట్లలో అప్పుడు మరో ముచ్చట లేదు, ఎవరిని కదిపినా ఎంత పంపావనే అడిగేవారు. నా దగ్గర పంపడానికి డబ్బు లేదు. లేదని ఒప్పుకోవడానికి మనసు రాక, కార్డు మీద 3,000 డాలర్లు నగదు తీసి, తణుకు దగ్గర స్థలానికి అడ్వాన్సు ఇవ్వమని నాన్నగారికి పంపాను. కార్డు మీద నగదు తీస్తే ముందుగా రుసుము పడుతుంది. వస్తువు కొన్నప్పుడు దొరికే వడ్డీ లేని రోజులు దీనికి ఉండవు, తీసిన నాటి నుంచే వడ్డీ నడుస్తుంది. రూపాయి పతనంలో నాకు కలిసొచ్చిందనుకున్నదంతా ఏడాది తిరక్కుండానే కార్డు కంపెనీ పట్టుకుపోయింది.

2009 జనవరిలో ప్రాజెక్టు పోయింది. ఏడు వారాలు బెంచి మీద కూర్చున్నాను, జీతం రాలేదు. పని లేని రోజులకు కూడా హెచ్1బీ ఉద్యోగికి యాజమాన్యం జీతం ఇవ్వాలని, ఇవ్వకపోతే పన్నెండు నెలల్లోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చని చట్టంలో ఉంది. ఈ సంగతి నాకు రెండేళ్ళ తరువాత, ఎవరో పుట్టినరోజు విందులో మాటల మధ్య చెబితే తెలిసింది. నా 58,000 జీతం లెక్కన పోయింది ఏడెనిమిది వేల డాలర్లు. ఇవ్వనివాడిది తప్పే, కానీ నా వీసాకు సంబంధించిన నిబంధనలు నేను చదవకపోవడం వాడి తప్పు కాదు.

ఆ ఏడు వారాల్లో ఒక ఆదివారం మూడు కార్డుల స్టేట్‌మెంట్లూ కార్పెట్ మీద పరిచి, తొంభై తొమ్మిది సెంట్ల నోటు పుస్తకం తెరిచి కూర్చున్నాను. మొదటి కార్డులో బాకీ 6,800, వడ్డీ 19.99 శాతం. కనీస చెల్లింపు 136 డాలర్లు. నెలనెలా అది కట్టి, గడువు దాటలేదని గర్వపడేవాణ్ణి. ఆ 136లో 113 డాలర్లు వడ్డీకే పోతోంది, అసలులోకి జమ అవుతున్నది 23. కనీస మొత్తమే కడితే బాకీ తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో 2009 నాటి చట్టం పుణ్యమా అని ఇప్పుడు మీ స్టేట్‌మెంటు మీదే అచ్చు వేస్తారు. మాకు ఆ సదుపాయం లేదు, మేము కాలిక్యులేటర్‌తో కనుక్కోవలసి వచ్చింది. మీకు అచ్చు వేసి ఇస్తున్నారు గనుక చదివే కష్టమైనా పడండి.

వడ్డీని శాతాల్లో చెబితే మనవాళ్ళకు నొప్పి తెలియదు. నూటికి నెలకు ఎన్ని రూపాయలని లెక్క వేసుకోండి. 24 శాతమంటే అక్షరాలా రెండు రూపాయల వడ్డీ. మా ఊళ్ళో ఫలానా వాళ్ళు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారని తెలిస్తే మా నాయనమ్మ ముందుగా అడిగేది, ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదని. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ వడ్డీకి చేయి చాచరని ఆవిడ లెక్క. అదే వడ్డీకి మనం ఇక్కడ హెడ్‌ఫోన్లు, లాస్ వేగాస్ విమాన టిక్కెట్లు కొంటున్నాం. మీ విద్యా రుణం చూడబోతే తొంభై రెండు పైసల వడ్డీ. ఏది ముందు తీర్చాలో ఇంకా చెప్పాలా? రూపాయి ఎప్పుడు పడుతుందని ఎదురు చూస్తున్న ప్రతి నెలా ఆ కార్డులకు మీరు 180 డాలర్లు వడ్డీ ఇస్తున్నారు. విద్యా రుణానికి బ్యాంకు అడిగిన నెలసరి మొత్తం మాత్రం తప్పకుండా కట్టండి. అందులో నాన్నగారి సంతకం కూడా ఉండి ఉంటుంది. అంతకు పైన చేతికి వచ్చే ప్రతి డాలరూ కార్డులకే పోవాలి.

మీకు కలిసొచ్చినవి కూడా ఉన్నాయి, మీరు గమనించినట్టు లేదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. విద్యార్థి వీసా మీద వచ్చి ఇంకా అయిదు క్యాలెండరు సంవత్సరాలు దాటలేదు గనుక సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (ముసలి వయసు వైద్యం) పేర పోయే 7.65 శాతం కూడా మీ జీతంలో పట్టుకోకూడదు. మీ లెక్కన ఏడాదికి ఆరున్నర వేల డాలర్లు. పట్టుకుంటున్నారేమో పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూడండి. పట్టుకోకపోతే సంతోషమే, కానీ హెచ్1బీ రాగానే ఆ కోత మొదలవుతుంది గనుక ఆ డబ్బుకు ఖర్చులు పెంచుకోకండి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం మీద 90 రోజులే, సైన్సు, ఇంజనీరింగ్ వంటివి చదివినవాళ్ళకు ఇచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపితే 150. అందుకని కనీసం రెండు నెలల అద్దె, తిండి ఖర్చు ముందు వేరే ఖాతాలో పక్కన పెట్టి, ఆ తరువాతే కార్డుల మీద పడండి. ఇండియాలోని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైల రూపాయల ఖాతాగా) మార్చుకోవడం, పన్నుల లెక్కలో అమెరికా నివాసి అయ్యాక విదేశీ ఖాతాలన్నింటిలో కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఖాతాల వివరాల పత్రం దాఖలు చేయడం వంటివి అధికారిక సైట్లలో వివరంగా ఉన్నాయి, చూసుకోగలరు.

401(కె), అంటే కంపెనీ ద్వారా చేసే రిటైర్మెంటు పొదుపు, సంగతి మాత్రం నేను చెప్పవలసిందే. బెంచి తరువాత చేరిన కంపెనీ, జీతంలో ఆరు శాతం వరకు నేను వేసినదానికి సగం తానూ వేస్తానంది. ఎలాగూ రెండేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళం, ఈ ముసలి వయసు డబ్బు మనకెందుకని చేరలేదు. 64,000 జీతం మీద ఏడాదికి 1,920 చొప్పున మూడేళ్ళు వదిలేసుకున్నాను. ఆ రెండేళ్ళు ఇంకా పూర్తి కాలేదు. మొన్నీమధ్యే ఇంటి పైకప్పు మార్పించాం. మీ కంపెనీ అలాంటి వాటా ఇస్తుంటే, కార్డు అప్పు ఉన్నా సరే, ఆ వాటా వచ్చే మేరకు వేయండి. ఎన్నాళ్ళు పనిచేస్తే అది పూర్తిగా మీదవుతుందో హెచ్ఆర్ వాళ్ళను అడగండి. అంతకు మించి ఇప్పుడు వేయనక్కరలేదు.

నేను 2009 ఏప్రిల్ నుంచి నెలకు 620 డాలర్లు కట్టి, 2011 జనవరిలో చివరి కార్డు తీర్చాను. టీవీని సగం ధర కూడా రాకుండానే అమ్మేశాను. మధ్యాహ్న భోజనం పెరుగన్నం డబ్బాలోకి మారింది. అమెరికన్ సహోద్యోగులు ఏమనుకుంటారోనని మొదటి వారం కారులో కూర్చుని తిన్నాను. ఇవన్నీ తేలికే. నాన్నగారికి ఫోన్ చేయడమే కష్టమైంది. కాలింగ్ కార్డు మీద నలభై నిమిషాలున్నాయని చూసుకుని, ముప్పై నిమిషాలు వానలు, ధాన్యం ధర మాట్లాడి, చివరికి స్థలం మిగతా సొమ్ము పంపలేనని, పంపిన అడ్వాన్సు కూడా అప్పేనని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఈ ముక్క ముందే చెప్పుంటే నేను అడ్వాన్సే ఇచ్చేవాణ్ణి కాదు కదరా" అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన ఒత్తిడి అని నేను చెప్పుకున్నది, నా జీతం ఎంతో, అప్పు ఎంతో తెలియని మనిషి అడిగిన మామూలు ప్రశ్న మాత్రమే. మీ నాన్నగారికి ఆ 9,000 సంగతి తెలుసా?

ఈ ఆదివారం కూర్చుని గత మూడు నెలల ఖర్చంతా మీ చేత్తో రాయండి. యాప్ చేసిపెడుతుందంటారు, నాకు తెలుసు, అయినా రాయండి. ఆ తరువాత ఇంటికి ఫోన్ చేయండి.

స్థలం మాట కార్డులు తీరాక చూసుకోవచ్చు. అది ఇంటి స్థలమో పొలమో ముందుగా కనుక్కోండి, ఎన్నారైలు పొలం కొనడానికి వీల్లేదు. అప్పటికి ధర పెరిగిపోతుందని మీ నాన్నగారు అంటారు. మా నాన్నగారూ అన్నారు, పెరిగింది కూడా. అదే వీధిలో 2013లో కొన్నాను, సెంటుకు ముప్పై వేలు ఎక్కువ పడింది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ ముప్పై వేల మాట ఆయన ఇప్పటికీ ఎత్తుతారు.