గుండె వాల్వు మార్పించుకున్న అమ్మ ఆర్నెల్లకి వస్తోందా?

"మా అత్తగారికి హైదరాబాదులో వాల్వు మార్చి నాలుగేళ్ళయిందండీ. ఆర్నెల్లకి ఇక్కడికి తీసుకొస్తున్నాం. ఏం చూసుకోవాలి?" కొత్తగా వచ్చినవాళ్ళు ముగ్గురు ఈ మధ్య ఇదే అడిగారు. న్యూజెర్సీలో నాకిది ఇరవై రెండో ఏడు. మా అమ్మని నాలుగుసార్లు తెచ్చుకున్నాను.

అమ్మ పుట్టి పెరిగింది హైదరాబాదు నల్లకుంటలో. పదేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి తగ్గిందట. రెండు మూడు వారాలకి ఇవాళ మోకాలు, ఎల్లుండి మోచెయ్యి వాచాయట. అమ్మమ్మ వాతమనుకుని ఆముదం రాసి కాపడం పెట్టింది. వాపు పోయింది, అందరూ మర్చిపోయారు. నేను కడుపులో ఉండగా మేడమెట్లెక్కలేక ఆయాసపడుతుంటే బయటపడింది, మైట్రల్ వాల్వు, అంటే గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు, ఇరుకైపోయిందని. నెలలు నిండేకొద్దీ ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, ఇరుకు వాకిట్లోంచి అదంతా ఎలా పోతుంది? తర్వాత దాని బదులు లోహపు వాల్వు పెట్టారు.

గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి మీద ఒళ్ళు చేసే యుద్ధంలో వాల్వుకీ దెబ్బ తగులుతుంది. అందుకే అమ్మకొచ్చినలాంటి ఈ కీళ్ళ జ్వరం (రుమాటిక్ జ్వరం) వచ్చిన పిల్లలకి మనదగ్గర మూడు వారాలకోసారి, ఏళ్ళ తరబడి, పెన్సిలిన్ ఇంజక్షన్ వేస్తారు. ఇక్కడి డాక్టర్లకి ఎక్కువగా తగిలేవి వేరే: వయసు మీదపడి అయోర్టిక్ వాల్వుకి (గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో ఉండేది) సున్నం పట్టడం, పుట్టుకతోనే దానికి మూడు రెక్కలకి బదులు రెండే ఉండడం. కాబట్టి చిన్ననాటి కీళ్ళ జ్వరం సంగతి మీరే చెప్పండి. "గుండెలో కన్నం" అని మాత్రం చెప్పకండి. మనవాళ్ళు ప్రతి గుండెజబ్బునీ అలాగే అంటారు, అది పూర్తిగా వేరు.

అసలు చిక్కు రక్తం పల్చబడే మాత్రతో. లోహపు వాల్వుంటే అది జీవితాంతం తప్పదు. హైదరాబాదులో చాలామందికి ఎసిట్రామ్ రాస్తారు, అమెరికాలో అది దొరకదు, వార్ఫరిన్ ఇస్తారు. మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము సరిపోదు, సొంతంగా మార్చకండి. "రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయట కదా" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. లోహపు వాల్వుకి అవి పనికిరావు.

మొదటిసారి నా తప్పు చెబుతాను. నల్లకుంటలో అమ్మకి రోజూ ఏదో ఒక ఆకుకూర ఉండాల్సిందే, ఒకరోజు తోటకూర, ఒకరోజు గోంగూర. ఇక్కడికొచ్చాక మూడు వారాలు పప్పు, బంగాళదుంప, పెరుగు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ ఆరు! మైట్రల్ లోహపు వాల్వుకి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆకుల్లోని విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది, అది తగ్గేసరికి మందు జోరెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే మా ఇంట్లో అక్షరాలా ఆకుకూరలే. మానకూడదు, ఉన్నట్టుండి పెంచనూ కూడదు. వచ్చిన వారంలోనే పరీక్ష పెట్టించుకోండి.

ఒంటినొప్పులకి సూట్‌కేసులో కాంబిఫ్లామ్ ఉంటుంది, చూడండి. అందులో ఐబుప్రొఫెన్ ఉంది, రక్తం పల్చబడే మాత్రతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం. తీసి పక్కన పెట్టండి. పన్ను పీకించాలన్నా, చిగుళ్ళు గీయించాలన్నా ముందు వాల్వు సంగతి చెప్పాలి. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలోకెక్కి మార్చిన వాల్వుని పట్టుకుంటాయి, అందుకే గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. కారణం లేని జ్వరం పోకపోతే క్రోసిన్‌తో సరిపెట్టకుండా, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే, సూక్ష్మజీవులున్నాయేమో తేల్చడానికి రక్తం కల్చర్‌కి పంపమని అడగండి.

విజిటర్స్ ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ చెప్పను. పాత జబ్బులకి చాలావాటిలో డబ్బు రాదు. చిన్న అక్షరాలు చదవండి.

శంషాబాద్‌లో ఎక్కేముందు ఆఖరి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, వాల్వు కంపెనీ, సైజు ఉన్న కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టించుకోండి. మాత్రలు చేతిసంచీలోనే ఉండాలి.

రాత్రి పక్కన పడుకుంటే అమ్మ గుండెలోంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మా చిన్నాడు "అమ్మమ్మా, గడియారం మింగావా?" అని అడిగాడు. ఆ చప్పుడు మీరూ గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా అది మందగించి, ఆయాసం మొదలైతే వాల్వు మీద రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. మాట తడబడినా, మూతి వంకరైనా గడ్డ మెదడుకి పోయిందేమో. గ్యాసేమోనని ఈనో కలపకుండా 911కి ఫోన్ చేయండి.